సబ్‌స్టేషన్ ఆర్‌టీయూలో ఆటో ట్రిగ్గర్లు: ఆపే షరతులు ముందు రాయండి

33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో ఆర్‌టీయూ (మీటర్ల, బ్రేకర్ల సిగ్నళ్లు చదివి కమాండ్లు పంపే రిమోట్ టెర్మినల్ యూనిట్) పెట్టగానే అందరూ అడిగేది ఒకటే, "ఇది దానంతట అది ఏమైనా చేస్తుందా?" అని. చేస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యాన్లు వేస్తుంది, కెపాసిటర్ బ్యాంకు కలుపుతుంది, వోల్టేజి సర్దడానికి ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ మారుస్తుంది, ఒక ఇన్‌కమర్ (సరఫరా లోపలికి తెచ్చే దారి) పోతే ఆ లోడును రెండో దాని మీదకి మార్చేస్తుంది. ఇవన్నీ మనం రాసే ట్రిగ్గర్లే. విశాఖ చుట్టుపక్కల ప్యానెళ్లు కమిషన్ చేస్తూ నేను చూసినదేంటంటే, చాలామంది ట్రిగ్గర్ అంటే "ఇలా అయితే అలా చెయ్యి" అనే ఒక్క లైను అనుకుంటారు. ఆ లైను రాయడం పది నిమిషాల పని. అసలు పని "ఎప్పుడు చేయకూడదు" అనేది రాయడం, అది ముందు రాయాలి, ఎందుకంటే ఆ బ్రేకర్ అవతల లైను మీద ఎవరో ఒకరు పని చేస్తూ ఉండొచ్చు.

కాబట్టి సాఫ్ట్‌వేర్ తెరవకముందు కాగితం తీయండి. ప్రతి ట్రిగ్గర్‌కి నాలుగు గడుల్లో నాలుగు విషయాలు రాసుకోండి: ఏ పని చేయాలి, ఏ షరతు మీద చేయాలి, ఏవి ఉంటే చేయకూడదు, చేశాక అది నిజంగా జరిగిందని ఎలా తెలుస్తుంది. మూడో గడిలో ఒక్క మాటే ఉంటే మీరింకా ఆలోచించడం పూర్తికాలేదని అర్థం. ఆ కాగితం మీద ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారితో, షిఫ్ట్ ఆపరేటర్‌తో కూర్చుని మాట్లాడాకే లాజిక్ మొదలుపెట్టండి. ఆ సబ్‌స్టేషన్‌లో ఏ ఫీడర్ (బయటకి సరఫరా తీసుకెళ్లే లైను) ఏ వేళ ఎలా ప్రవర్తిస్తుందో ఆపరేటర్‌కి తెలిసినంత మనకి డ్రాయింగుల్లో దొరకదు.

ఇంకో హద్దు కూడా మొదటే గీసుకోవాలి. ప్రొటెక్షన్ ట్రిప్పింగ్, అంటే ఫాల్టు రాగానే బ్రేకర్ తీసేయడం, రిలే పని, ఆర్‌టీయూ పని కాదు. ఓవర్‌కరెంట్, ఎర్త్‌ఫాల్ట్, డిఫరెన్షియల్, బుఖోల్జ్ (ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఫాల్టుని గ్యాస్ వల్ల పట్టేది), ఇవి రిలే నుంచి ట్రిప్ కాయిల్‌కి సొంత వైరింగుతో నేరుగా వెళ్లాలి. ఆర్‌టీయూ సెకనుకో రెండు సెకన్లకో మీటరు చదివి ఆలోచించే యంత్రం, ఫాల్టు అంతసేపు ఆగదు. "రిలేలో కాంటాక్టు ఖాళీ లేదు, ఇది కాస్త ఆర్‌టీయూలో రాసేయండి" అని ఎవరైనా అడిగితే ఒప్పుకోవద్దు.

ముందు సిగ్నల్ నమ్మదగినదో కాదో

లాజిక్ ఎంత బాగా రాసినా లోపలికి వచ్చే సిగ్నల్ అబద్ధం చెబితే ట్రిగ్గర్ తప్పు పనే చేస్తుంది. మన ఊళ్లో ఇది మరీ ఎక్కువ. సముద్రపు గాలిలో ఉప్పు, ఏడాదిలో చాలా నెలలు తేమ, పోర్టు వైపయితే దానికి తోడు దుమ్ము. మార్షలింగ్ బాక్సు (యార్డులో కంట్రోల్ కేబుళ్లు కలిసే పెట్టె) గ్లాండు సరిగ్గా బిగించకపోతే లోపల టెర్మినళ్ల మీద పచ్చటి తుప్పు పడుతుంది, కాంటాక్టు ఒకసారి మూసుకుంటే నాలుగుసార్లు మూసుకున్నట్టు కనిపిస్తుంది. అందుకే ప్రతి బైనరీ ఇన్‌పుట్‌కి ఫిల్టర్ టైం పెట్టండి. మన సరఫరా 50 హెర్ట్జ్, ఒక సైకిల్ 20 మిల్లీసెకన్లు. పొడవాటి కంట్రోల్ కేబుల్‌లో ఇండ్యూస్ అయిన ఏసీ కూడా దొంగ సిగ్నల్‌గా రావొచ్చు, కాబట్టి ఆటో ట్రిగ్గర్‌కి వాడే ఇన్‌పుట్‌కి ఫిల్టర్ ఒక సైకిల్ కన్నా ఎక్కువే ఉంచండి. ఒక సిగ్నల్ నిమిషంలో లెక్కకు మించి మారుతుంటే దాన్ని చాటరింగ్‌గా గుర్తించి, దాని మీద ఆధారపడ్డ ట్రిగ్గర్లన్నీ ఆపేసి అలారం ఇచ్చేలా రాయండి. ఆ బాక్సులో స్పేస్ హీటర్ పని చేస్తోందో లేదో కూడా వెళ్లి చూడండి, లాజిక్‌లో ఎంత తెలివి పెట్టినా దానికి బదులు కాదు.

బ్రేకర్ స్థితిని ఎప్పుడూ రెండు కాంటాక్టులతో తీసుకోండి, ఒకటి ఆన్‌కి, ఒకటి ఆఫ్‌కి. ఆర్‌టీయూ కంట్రోల్ సెంటర్‌తో మాట్లాడే ఐఈసీ 60870-5-104 ప్రోటోకాల్‌లో దీన్ని డబుల్ పాయింట్ అంటారు: విలువ 1 అయితే ఆఫ్, 2 అయితే ఆన్, 0 గానీ 3 గానీ వస్తే స్థితి తెలియదని. తెలియనప్పుడు ట్రిగ్గర్ ఆగాలి. ఒక్క కాంటాక్టుతో తీసుకుంటే, వైరు ఊడినా బ్రేకర్ ఆఫ్ అయినా ఆర్‌టీయూకి ఒకేలా కనిపిస్తుంది, అది ఆఫ్ అనుకుని పక్క బ్రేకర్ మూసేస్తుంది.

అనలాగ్ విలువలకి హద్దులు రాయండి. 4-20 మిల్లీయాంపు ట్రాన్స్‌డ్యూసర్ 4 కన్నా బాగా కిందకి, ఒక 3.6 దాకా దిగిపోయిందంటే వైరు తెగిందనే లెక్క. విశాఖలో ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ ఉష్ణోగ్రత 5 డిగ్రీలు చూపిస్తే అది చలి కాదు, సెన్సార్ పాడైంది. అలాగే విలువ గంటల తరబడి ఒక్క పాయింటు కూడా కదలకపోతే అనుమానించండి, మీటరుతో మోడ్‌బస్ లింకు తెగిపోయి పాత విలువే మెమరీలో ఉండిపోయి ఉంటుంది. ప్రతి విలువతో పాటు క్వాలిటీ బిట్ ఉంటుంది, చెల్లనిది, పాతది, చేత్తో పెట్టినది అని చెప్పడానికి. దాన్ని తెర మీద రంగు మార్చడానికే వాడి లాజిక్‌లోకి తీసుకోకుండా వదిలేస్తారు, ఇది నాకు చాలా చోట్ల కనిపించింది. క్వాలిటీ బాగాలేని విలువ మీద ఏ బ్రేకరూ కదలకూడదు. ఐఈసీ 61850 ఉన్న కొత్త సబ్‌స్టేషన్లలో పరికరాలు నెట్‌వర్క్ మీద ఒకదానికొకటి పంపుకునే గూస్ మెసేజ్‌లకీ ఇదే నియమం, గడువు దాటినా మెసేజ్ రాకపోతే ఆఖరి విలువను నమ్మొద్దు.

చేయి తిప్పుకోవడానికి ఫ్యాన్లు

మొదటి ట్రిగ్గర్‌గా ట్రాన్స్‌ఫార్మర్ కూలింగ్ ఫ్యాన్లు తీసుకోండి. వైండింగ్ ఉష్ణోగ్రత 65 దాటితే ఆన్, 55 కిందకి వస్తే ఆఫ్ అనుకుందాం, అసలు సంఖ్యలు మీ ట్రాన్స్‌ఫార్మర్ తయారీదారు ఇచ్చిన పత్రంలో చూడండి. ఆన్‌కీ ఆఫ్‌కీ ఒకే సంఖ్య పెడితే 65 దగ్గర ఫ్యాను ఆగుతూ తిరుగుతూ కాంటాక్టర్ కాలిపోతుంది. ఇక్కడ సెన్సార్ పాడైతే ఏం చేయాలి? ఫ్యాన్లు తిప్పేయాలి, అలారం ఇవ్వాలి. ఫ్యాను అనవసరంగా తిరిగితే కొంచెం కరెంటు ఖర్చు, తిరగకపోతే ఇన్సులేషన్ ఆయుష్షు తగ్గుతుంది. అంటే సిగ్నల్ పోయినప్పుడు "ఏమీ చేయకు" అనేది అన్నిచోట్లా సరైన జవాబు కాదు, ప్రతి ట్రిగ్గర్‌కీ విడిగా ఆలోచించాలి.

కెపాసిటర్ బ్యాంకు, హంటింగ్ లెక్క

ఇక్కడ కాస్త లెక్క ఉంది, ఓపిగ్గా చదవండి. 11 కేవీ బస్సు (ఫీడర్లన్నీ కలిసే కడ్డీ) మీద 2 ఎంవీఏఆర్ బ్యాంకు ఉందనుకోండి. ఎంవీఏఆర్ అంటే రియాక్టివ్ పవర్ కొలత; లోడు దాన్ని లాగుతుంటే లాగింగ్, కెపాసిటర్ ఇచ్చేది ఎక్కువైతే లీడింగ్. ఎవరో లాగింగ్ రియాక్టివ్ పవర్ 1.2 దాటితే ఆన్, లీడింగ్ 0.6 దాటితే ఆఫ్ అని పెట్టారు. చూడ్డానికి బాగానే ఉంది. లాగింగ్ 1.2 దాటగానే బ్యాంకు ఆన్ అవుతుంది, 2 ఎంవీఏఆర్ కలిసేసరికి లీడింగ్ 0.8 దగ్గరికి వెళుతుంది, 0.6 దాటింది కాబట్టి ఆఫ్ అవుతుంది, ఆఫ్ కాగానే మళ్లీ లాగింగ్ 1.2. ఇలా తెల్లవార్లూ బ్రేకర్ కొట్టుకుంటూనే ఉంటుంది. దీన్నే హంటింగ్ అంటాం. ఆన్ సంఖ్యకీ ఆఫ్ సంఖ్యకీ మధ్య దూరం బ్యాంకు సైజు కన్నా ఎక్కువ ఉండాలి. లాగింగ్ 1.4 దగ్గర ఆన్, లీడింగ్ 1.0 దగ్గర ఆఫ్ పెడితే దూరం 2.4, బ్యాంకు 2, ఇక కొట్టుకోదు. ట్యాప్ ఛేంజర్‌కీ ఇదే సూత్రం. ట్యాప్ ఒక్కో మెట్టు 1.25 శాతం అయితే వోల్టేజి డెడ్‌బ్యాండ్ (ట్యాప్ కదలకుండా వదిలేసే పరిధి) మొత్తం వెడల్పు అంతకన్నా స్పష్టంగా ఎక్కువ ఉండాలి, లేకపోతే ఒక మెట్టు పైకి, ఒక మెట్టు కిందకి ఆగకుండా తిరుగుతుంది.

కెపాసిటర్‌కి ఆపే షరతుల్లో అన్నిటికన్నా పెద్దది డిశ్చార్జి టైం. ఆఫ్ చేశాక కూడా అందులో ఛార్జ్ మిగిలే ఉంటుంది. ఐఈసీ 60871 ప్రమాణం ప్రకారం లోపలి రెసిస్టర్లు వోల్టేజిని 75 వోల్టులకి దించడానికి 10 నిమిషాల దాకా పట్టొచ్చు. ఆ లోపల మళ్లీ కలిపితే మిగిలిన ఛార్జ్ మీద బస్సు వోల్టేజి పడి పెద్ద ఇన్‌రష్ వస్తుంది, యూనిట్లు పేలే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి ఆఫ్ అయిన క్షణం నుంచి టైమర్ నడవాలి, ఎవరు ఆఫ్ చేశారన్నది అనవసరం. రిలే ట్రిప్ చేసినా, ఆపరేటర్ చేత్తో తీసినా, మీ లాజిక్ తీసినా అదే టైమర్. చాలామంది తమ ఆఫ్ కమాండ్‌కే టైమర్ కడతారు, దాన్ని బ్రేకర్ ఆఫ్ స్థితికి కట్టాలి. న్యూట్రల్ అన్‌బ్యాలెన్స్ రిలే (బ్యాంకులో యూనిట్ పాడైతే పట్టేది) ఆపరేట్ అయి ఉంటే మనిషి వెళ్లి యూనిట్లు చూసి రీసెట్ చేసేదాకా ట్రిగ్గర్ ఆ బ్యాంకు జోలికి పోకూడదు. బస్సు వోల్టేజి అప్పటికే ఎక్కువగా ఉంటే ఆన్ చేయకూడదు. రోజుకి ఇన్ని ఆపరేషన్లే అని ఒక పరిమితి కూడా పెట్టండి, దాటితే ఆటో ఆగిపోయి ఆపరేటర్‌కి చెప్పాలి.

ఇన్‌కమర్ పోయినప్పుడు లోడు మార్చడం

రెండు ట్రాన్స్‌ఫార్మర్లు, రెండు 11 కేవీ బస్సులు, మధ్యలో వాటిని కలిపే బ్రేకర్, అదే కప్లర్. ఒకటో వైపు సరఫరా పోతే ఆ వైపు ట్రాన్స్‌ఫార్మర్ ఎల్‌వీ (తక్కువ వోల్టేజి, అంటే 11 కేవీ వైపు) బ్రేకర్ తీసి కప్లర్ వేయాలి. జనానికి చాలా ఉపయోగం, రాసేవాడికి చాలా బాధ్యత.

వోల్టేజి సున్నా అయితే సరఫరా పోయినట్టేనా? కాదు. పీటీ (వోల్టేజి కొలవడానికి పెట్టే చిన్న ట్రాన్స్‌ఫార్మర్) ఫ్యూజు పోయినా సున్నానే చూపిస్తుంది. అందుకే వోల్టేజి లేకపోవడంతో పాటు కరెంటు కూడా లేదని చూడండి, వోల్టేజి సున్నా ఉండి కరెంటు పారుతుంటే అది ఫ్యూజు కథ, ట్రిగ్గర్ ఆగి అలారం ఇవ్వాలి. మూడు ఫేజులూ చూడండి, ఒక్క ఫేజు చూసి నిర్ణయించొద్దు. రెండో వైపు వోల్టేజి నిలకడగా 90 శాతం పైన ఉందా చూడండి. ఒకటో బస్సు మీద ఫాల్టు వల్లే సరఫరా పోయి ఉంటే? లాకౌట్ రిలే, అంటే 86, ఆపరేట్ అయి ఉంటే కప్లర్ మూయడం అంటే ఆరోగ్యంగా ఉన్న బస్సుని తీసుకెళ్లి ఫాల్టు మీద వేయడమే. ఎల్‌వీ సైడు ఓవర్‌కరెంట్, ఎర్త్‌ఫాల్ట్ రిలేల్లో ఏది పడినా అంతే, ఆపాలి. ఎగువ సబ్‌స్టేషన్‌లో లైనుకి ఆటో రీక్లోజ్ (ట్రిప్ అయిన లైనుని దానంతట అదే మళ్లీ ఛార్జ్ చేయడం) ఉంటే దాని టైం కన్నా మీ ఆలస్యం ఎక్కువ ఉండాలి, లేకపోతే వాళ్లు తిరిగి ఛార్జ్ చేసే సమయానికి మీరు ఇక్కడ మార్పులు మొదలుపెట్టేసి ఉంటారు.

తర్వాత వరస. ఎల్‌వీ బ్రేకర్ తీయమని కమాండ్ ఇవ్వండి, అది నిజంగా తెరుచుకుందని డబుల్ పాయింట్ చెప్పేదాకా కప్లర్ కమాండ్ పోకూడదు. టైమర్ పూర్తయింది కదా తెరుచుకునే ఉంటుందిలే అని ముందుకెళ్లే లాజిక్‌ని నేను ఒప్పుకోను. ఆ బస్సు మీద కెపాసిటర్ బ్యాంకు ఉంటే అది కూడా ముందే ఆఫ్ అయి ఉండాలి.

ఇంకొకటి, లోడు. 5 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్ 11 కేవీ వైపు పూర్తి లోడు కరెంటు సుమారు 262 యాంపులు. రెండు వైపులా 180 చొప్పున ఉంటే మొత్తం 360, ఒక ట్రాన్స్‌ఫార్మర్ మోయలేదు. మార్చిన రెండు నిమిషాల్లో రెండోది కూడా ఓవర్‌లోడ్ మీద ట్రిప్ అయితే మొత్తం ప్రాంతం చీకటి. కాబట్టి సరఫరా పోకముందు ఉన్న లోడు విలువలను లాజిక్ గుర్తుపెట్టుకోవాలి, కూడితే ఎక్కువైతే ముందే కొన్ని ఫీడర్లు తీసి తర్వాత కప్లర్ వేయాలి. ఏ ఫీడర్ ముందు తీయాలనేది మీరు కూర్చుని నిర్ణయించే విషయం కాదు, డిపార్ట్‌మెంటు వాళ్ల దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. కేజీహెచ్ లాంటి ఆస్పత్రి ఉన్న ఫీడర్, మంచినీళ్ల పంపుల ఫీడర్ ఆ జాబితాలో ఆఖరున ఉండాలని అడిగి మరీ రాయించండి.

కేబుల్ ఫీడర్‌కి ఆటో రీక్లోజ్ వద్దు

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి చాలా స్తంభాలు పడగొట్టాక నగరంలో చాలా చోట్ల లైన్లను భూగర్భ కేబుల్‌గా మార్చారు. దీనికీ మన లాజిక్‌కీ నేరుగా సంబంధం ఉంది. ఓవర్‌హెడ్ లైను మీద వచ్చే ఫాల్టుల్లో ఎక్కువ భాగం తాత్కాలికం, కొమ్మ తగిలి పోతుంది, పక్షి వాలి పోతుంది, కాసేపాగి మళ్లీ ఛార్జ్ చేస్తే నిలబడుతుంది, అందుకే రీక్లోజ్. కేబుల్ ఫాల్టు అలా కాదు, ఇన్సులేషన్ ఒకసారి పోతే పోయినట్టే, మళ్లీ ఛార్జ్ చేస్తే ఇంకా కాలుతుంది, కేబుల్‌కీ రోడ్డు మీద నడిచేవాళ్లకీ ప్రమాదం. పాడేరు కొండల్లో చెట్ల మధ్య పోయే ఫీడర్ కోసం రాసిన టెంప్లేటు తెచ్చి నగరంలో కేబుల్ ఫీడర్‌కి కాపీ కొట్టేస్తే జరిగేది ఇదే. ప్రతి ఫీడర్‌కి "కేబుల్ లేదా ఓవర్‌హెడ్" అని ఒక పారామీటర్ పెట్టి, కేబుల్ అయితే రీక్లోజ్ బ్లాక్ అయ్యేలా రాయండి. కొంత కేబుల్, కొంత ఓవర్‌హెడ్ అయితే ఏఈ గారి నిర్ణయం రాతలో తీసుకోండి.

ఎల్‌సి ఉన్న ఫీడర్ జోలికి ఏ లాజిక్కూ పోకూడదు

లైన్‌మన్ ఎల్‌సి (లైన్ క్లియర్, అంటే లైను ఆపి పని చేసుకోవడానికి అనుమతి) తీసుకుని స్తంభం ఎక్కాడు. కింద సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ ఆఫ్. మీ ట్రిగ్గర్‌కి అది ఊరికే ఆఫ్‌లో ఉన్న బ్రేకర్‌లాగే కనిపిస్తుంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకుని మిగతా లాజిక్ అంతా రాయండి.

ప్రతి బ్రేకర్‌కీ లోకల్/రిమోట్ స్విచ్ కాంటాక్టు ఆర్‌టీయూకి రావాలి, లోకల్‌లో ఉంటే ఏ ఆటో కమాండూ పోకూడదు. ఇది లాజిక్‌లో మాత్రమే ఉంటే చాలదు, క్లోజ్ సర్క్యూట్ వైరింగులోనే ఆ స్విచ్ కాంటాక్టు సిరీస్‌లో ఉండాలి, సాఫ్ట్‌వేర్ తప్పినా వైరు ఆపాలి. దానితో పాటు ఆపరేటర్ తెర మీద ఎల్‌సి ట్యాగ్ పెట్టే వీలు ఇవ్వండి, ఆ ట్యాగ్ ఆర్‌టీయూ రీస్టార్ట్ అయినా చెరిగిపోని మెమరీలో ఉండాలి. ట్యాగ్ తీయడం మనిషి మాత్రమే చేయాలి. ఇవన్నీ ఉన్నా సరే, బ్రేకర్ బయటకి లాగడం, ఏబీ స్విచ్ (లైనుని విడదీసే ఎయిర్ బ్రేక్ స్విచ్) తీయడం, ఎర్త్ చేయడం ఎప్పటిలాగే జరగాలి, మన లాజిక్ వాటికి ప్రత్యామ్నాయం కాదని శిక్షణలో గట్టిగా చెప్పండి.

కమాండ్ బయటకి వెళ్లేటప్పుడు

ట్రిప్, క్లోజ్ కమాండ్లు పల్స్‌గా ఇవ్వండి, ఒక సెకను లోపు చాలు. ఆ కాయిళ్లు కొద్దిసేపటి కరెంటుకే తయారుచేసినవి, కమాండ్ నిలబడిపోతే కాలిపోతాయి. క్లోజ్‌కి ముందు స్ప్రింగ్ ఛార్జ్ అయిందా, ఎస్‌ఎఫ్6 బ్రేకర్ అయితే గ్యాస్ ప్రెషర్ లాకౌట్ లేదా, డీసీ సరఫరా సరిగ్గా ఉందా, ట్రిప్ సర్క్యూట్ సూపర్‌విజన్ ఆరోగ్యంగా ఉందా చూడాలి. ట్రిప్ అవ్వలేని బ్రేకర్‌ని క్లోజ్ చేయకూడదు. కమాండ్ ఇచ్చిన రెండు మూడు సెకన్లలో స్థితి మారకపోతే ఫెయిల్ అని అలారం ఇచ్చి ఆటో నుంచి బయటకి రావాలి. మళ్లీ మళ్లీ ప్రయత్నించే లూప్ రాయొద్దు.

ఆర్‌టీయూ రీబూట్ గురించి చాలామంది ఆలోచించరు. పవర్ వచ్చిన మొదటి స్కాన్‌లో అన్ని అనలాగ్ విలువలూ సున్నా, మీటర్లు ఇంకా జవాబివ్వలేదు. వోల్టేజి సున్నా కాబట్టి లోడు మార్పిడి ట్రిగ్గర్‌కి షరతు నిజమైపోతుంది! స్టార్ట్ అయ్యాక అన్ని మీటర్లూ కనీసం ఒకసారి మంచి క్వాలిటీతో చదివేదాకా ఆటో మొత్తం బ్లాక్‌లో ఉండాలి. కాన్ఫిగరేషన్ కొత్తగా దించినప్పుడూ అంతే.

సబ్‌స్టేషన్ మొత్తానికి ఒక మాస్టర్ ఆటో ఆఫ్ స్విచ్ కూడా ఉండాలి, తెర మీద ఒకటి, ప్యానెల్ మీద చేత్తో తిప్పేది ఒకటి. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు గాలికి తీగలు తెగి పడతాయని ఫీడర్లు కావాలనే తీసేస్తారు, అప్పుడు ఏ ట్రిగ్గరూ వాటిని తిరిగి ఛార్జ్ చేయకూడదు. కంట్రోల్ సెంటర్‌తో లింకు పోవడం కూడా అప్పుడే జరుగుతుంది, కాబట్టి అక్కడి నుంచి వచ్చే విలువ మీద ఆధారపడే ట్రిగ్గర్ రాస్తే దానికి వయసు పరీక్ష పెట్టండి, పాతదైతే ఆగాలి.

టెస్టింగ్

ఆన్ అవ్వాల్సినప్పుడు ఆన్ అయిందని చూసి సంతకం పెట్టించుకుని వెళ్లిపోవడం టెస్టింగ్ కాదు. మీ కాగితంలో మూడో గడి ఉంది కదా, అందులో ప్రతి ఆపే షరతునీ ఒక్కొక్కటిగా పెట్టి, మిగతావన్నీ అనుకూలంగా ఉంచి, ట్రిగ్గర్ ఆగిందని చూడాలి. కమాండ్ లింకులు తీసేసి, బ్రేకర్ బదులు డమ్మీ బ్రేకర్ రిలే పెట్టి, సెకండరీ ఇంజెక్షన్ కిట్‌తో వోల్టేజి, కరెంటు ఇవ్వండి. పీటీ ఫ్యూజు తీసి చూడండి. బ్రేకర్ కాంటాక్టు వైరు ఊడదీసి చూడండి. సరిగ్గా వరస మధ్యలో ఆర్‌టీయూ పవర్ తీసి మళ్లీ ఇవ్వండి, చాలా తప్పులు ఇక్కడే దొరుకుతాయి. ఈవెంట్ లాగ్‌లో టైం స్టాంపులు మిల్లీసెకన్లలో చూసి వరస మీరు రాసినట్టే ఉందో లేదో పోల్చండి, దానికి ముందు జీపీఎస్ సింక్ ఉందో లేదో చూసుకోండి.

లైవ్‌లో పెట్టేటప్పుడు మొదట కొన్నాళ్లు సలహా మోడ్‌లో నడపండి, అంటే ట్రిగ్గర్ నిర్ణయం తీసుకుని లాగ్‌లో రాస్తుంది గానీ కమాండ్ బయటకి పోదు. ఆ లాగ్‌ని ఆపరేటర్‌తో కలిసి చదవండి, "ఇది ఇక్కడ ఎందుకు వేయాలనుకుంది?" అని ఆయన అడిగిన ప్రతి లైనుకీ మీ దగ్గర జవాబు ఉండాలి. లేనప్పుడు ఆ షరతుని మళ్లీ రాయండి.

వెళ్లేముందు కాన్ఫిగరేషన్ ఫైలు, వెర్షన్ నంబరు, తేదీతో రెండు కాపీలు డిపార్ట్‌మెంటుకి ఇచ్చి రసీదు తీసుకోండి. కంపెనీ ఇచ్చిన డిఫాల్ట్ పాస్‌వర్డ్ మార్చండి, మీ సౌకర్యం కోసం పెట్టిన మోడెమ్ తీసేయండి. ప్రతి ట్రిగ్గర్‌కీ ఏ షరతు మీద ఆగుతుందో తెలుగులో రాసిన ఒక పేజీ లామినేట్ చేయించి ఆర్‌టీయూ ప్యానెల్ తలుపు లోపల అంటించండి, రాత్రి రెండింటికి ఏదైనా ఆగిపోతే షిఫ్ట్‌లో ఉన్న మనిషి మీకు ఫోన్ చేయకుండానే కారణం వెతుక్కోగలగాలి.